ముందు ఫోర్క్ నుంచి ఆయిల్ కారుతుంటే: ఇంట్లోనే, తక్కువ ఖర్చుతో బాగుచేసుకునే పద్ధతి

ముందు షాక్ కారుతోందని షెడ్డుకి తీసుకెళ్తే జరిగేది దాదాపు ఒకటే. పాత సీల్ (ఆయిల్‌ను లోపలే ఆపే రబ్బరు రింగు) పీకి, కొత్తది కొట్టి, ఆయిల్ పోసి పంపిస్తారు. కొన్ని వారాలకు అదే వైపు మళ్లీ తడి కనిపిస్తుంది. ఇందులో తప్పు చాలాసార్లు సీల్‌ది కాదు. సీల్ పెదవి (పైపుకు ఆనే లోపలి అంచు) కింద ఇరుక్కున్న మట్టో, క్రోమ్ పైపు మీద తుప్పు గుంటో, కొలత మించి పోసిన ఆయిలో, బిగుసుకుపోయేలా వేసిన యాక్సిలో (చక్రపు ఇరుసు) ఉంటుంది. అది అలాగే ఉంటే ఎంత మంచి సీల్ వేసినా డబ్బు దండగే. కాబట్టి ముందు కారణం వెతకాలి, తర్వాతే పానా పట్టుకోవాలి.

ఇక్కడ చెప్పేది స్ప్లెండర్, షైన్, యూనికార్న్, పల్సర్ 150 లాంటి బళ్లలో ఉండే మామూలు టెలిస్కోపిక్ ఫోర్క్ గురించి. పైన మెరిసే స్టీలు పైపు, కింద ఆ పైపు జారే అల్యూమినియం గొట్టం, అంటే బాటమ్, లోపల స్ప్రింగు, ఊపును అణిచే డ్యాంపర్ రాడ్. డ్యూక్ మాదిరి తలకిందుల ఫోర్క్ ఉన్న బళ్లకు సీల్ శుభ్రం చేసే భాగం పనికొస్తుంది. విప్పే క్రమం మాత్రం వేరు.

ఇంకేం చదవకముందే ఒక పని చేయండి. కారిన ఆయిల్ డిస్క్ మీదకో, బ్రేక్ ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే కాలిపర్ మీదకో దిగిందేమో చూడండి. దిగి ఉంటే బండిని అలాగే నడపొద్దు, ముందు బ్రేక్ సరిగ్గా అవసరమైన క్షణంలోనే పట్టదు.

కారుతున్నది సీలేనా?

ఫోర్క్ కాళ్లు రెండూ పొడిగుడ్డతో పైనుంచి కిందిదాకా తుడవండి. ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్‌ను గట్టిగా పదిహేను, ఇరవై సార్లు కిందికి నొక్కండి. పైపు మీద పల్చటి నూనెపొర ఉండటం మామూలే, అది సీల్‌కు తడినిచ్చేది. పైపు చుట్టూ గుండ్రటి నూనె గీత ఏర్పడినా, డస్ట్ సీల్ (ఆయిల్ సీల్‌కు పైన దుమ్మును ఆపే రబ్బరు) అంచు నుంచి చుక్క కిందికి జారినా సీల్ లీకవుతున్నట్టు లెక్క.

పైపు పొడిగా ఉండి బాటమ్ అడుగు మాత్రమే తడిగా ఉంటే కథ వేరు. బాటమ్ అడుగున అలెన్ బోల్టు ఒకటి ఉంటుంది, దాని కింద రాగి వాషర్. కొన్ని బళ్లలో పక్కన చిన్న డ్రెయిన్ స్క్రూ కూడా ఉంటుంది. వాషర్ నలిగిపోయినా అక్కడినుంచి కారుతుంది. దానికి పై సీల్ మార్చి ప్రయోజనం లేదు.

మొదటి వైద్యం: పాత ఎక్స్‌రే ఫిల్మ్

బురదలో తిరిగే బళ్లలో, ముఖ్యంగా దమ్ము చేసిన పొలాల గట్ల మీద, మట్టి రోడ్ల మీద నడిచేవాటిలో, సీల్ పాడవకుండానే కారుతుంది. ఇసుక రేణువొకటి సీల్ పెదవికీ పైపుకీ మధ్య చేరి పెదవిని కాస్త ఎత్తి పట్టుకుంటుంది, ఆ సందులోంచి ఆయిల్ వస్తుంది. దీన్ని తీయడానికి ఏమీ విప్పక్కర్లేదు. సీల్ శుభ్రం చేసే ప్లాస్టిక్ పనిముట్టు ఆన్‌లైన్‌లో అమ్ముతారు, కానీ బీరువాలో పడున్న పాత ఎక్స్‌రే ఫిల్మ్ అదే పని చేస్తుంది.

ఫిల్మ్‌ను 3 సెం.మీ. వెడల్పు, 12 సెం.మీ. పొడవున కత్తిరించండి. ఒక కొస దగ్గర పక్క అంచులో 5 మి.మీ. లోతున కొక్కెంలా గాడి కోయండి. మూలలన్నీ గుండ్రంగా కత్తిరించి, సన్న ఎమరీ పేపర్‌తో ఒకసారి రుద్దండి. మొనదేలిన మూల సీల్ పెదవిని కోసేస్తుంది, అప్పుడు చిన్న జబ్బు పెద్దదవుతుంది.

డస్ట్ సీల్‌ను పలచటి స్క్రూడ్రైవర్‌తో చుట్టూ కొంచెం కొంచెంగా లేపి పైపు మీద పైకి జరపండి. దానికింద పేరుకున్న మట్టిని గుడ్డతో తుడిచేయండి. నీళ్లు కొట్టొద్దు. ఫిల్మ్‌కూ పైపుకూ రెండు చుక్కల ఫోర్క్ ఆయిల్ రాసి, ఫిల్మ్‌ను పైపుకు ఆనించి సీల్ లోపలికి ఒక సెంటీమీటరు దాకా దించండి. పైపు చుట్టూ నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పి పైకి లాగండి. కొక్కెంలో నల్లటి జిగురు, మట్టి వస్తాయి. తుడిచి మళ్లీ దించండి. ఫిల్మ్ శుభ్రంగా బయటికి వచ్చేదాకా ఇదే పని. తర్వాత ఫోర్క్‌ను పాతిక సార్లు నొక్కి, తుడిచి, డస్ట్ సీల్ కిందికి దించండి. ఒకటి రెండు రోజులు నడిపి చూడండి. తడి ఆగితే పని అయిపోయినట్టే. అయితే నెలల తరబడి కారి ఉంటే లోపల ఆయిల్ తగ్గి ఉంటుంది, దాన్ని సరిచేయక తప్పదు.

ఆగకపోతే సీల్ పెదవి అరిగిందో, గట్టిపడిందో, పైపు పాడయిందో.

పైపు మీద గోరు పెట్టి చూడండి

సీల్ కొనే ముందే ఈ పని చేయాలి. పైపు తుడిచి, గోటితో పైకీ కిందికీ, చుట్టూ గీయండి. గోరు ఎక్కడ తట్టుకుంటే అక్కడ గుంటో, లేచిన అంచో ఉన్నట్టు. ఎండలో టార్చి కూడా పట్టుకుని చూస్తే సూదిమొనంత తుప్పు చుక్కలు కనిపిస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, ఎక్కువ కాలం కదలకుండా నిలబెట్టిన బళ్లలో ఇది మామూలు.

ప్రతి గుంటా ప్రమాదం కాదు. సీల్ తిరిగే భాగంలో ఉన్నవే లెక్క. ఆ భాగం ఎంతో తెలుసుకోవడానికి పైపుకు ఒక ప్లాస్టిక్ జిప్ టై కట్టి డస్ట్ సీల్‌కు ఆనేలా కిందికి దించండి. స్పీడు బ్రేకర్లు, గతుకులు ఉన్న రోడ్డు మీద ఓ చుట్టు తిరిగి రండి. జిప్ టై ఎంత ఎత్తుకు చేరిందో సీల్ అంతవరకూ వెళ్తోందన్నమాట. దానికి పైన, టీ (హ్యాండిల్ కింద రెండు పైపులనూ బిగించి పట్టే దిమ్మ, పైన ఒకటి, కింద ఒకటి) దగ్గర ఉన్న తుప్పును పట్టించుకోనక్కర్లేదు.

అంచు లేచిన గీత అయితే 1500 లేదా 2000 నంబరు వాటర్ పేపర్‌కు ఆయిల్ రాసి, లేచిన అంచు మాత్రమే పోయేలా పైపు చుట్టూ అడ్డంగా రుద్దండి. నిలువుగా రుద్దితే పడే సన్న గీతలే ఆయిల్‌కు దారవుతాయి. గుంట చిన్నదైతే తుప్పు గీకి, పెట్రోలుతో జిడ్డు పోగొట్టి, ఆరాక రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ, అంటే అరాల్డైట్ లాంటిది, కాస్త ఉబ్బెత్తుగా నింపండి. ఒక రోజంతా ఆరనిచ్చి, ముందు 1000, తర్వాత 2000 నంబరు పేపర్‌తో తడిపి సమం చేయండి. గోరు జారిపోవాలి.

క్రోమ్ పొరలుగా లేస్తుంటే మాత్రం ఈ తంటాలు వద్దు. కొత్త పైపు వేయాలి, లేదా హార్డ్ క్రోమ్ చేసి గ్రైండింగ్ పట్టేవాళ్ల దగ్గర చేయించాలి. అలంకారానికి వేసే మామూలు క్రోమ్ పూత దీనికి పనికిరాదు, ఫోర్క్ పైపుకు కావల్సిన మందం, గట్టితనం అందులో ఉండవు.

కొనాల్సినవి

రెండు ఆయిల్ సీళ్లు, రెండు డస్ట్ సీళ్లు, రెండు రాగి వాషర్లు, ఫోర్క్ ఆయిల్. ఒక వైపే కారినా రెండు వైపులా మార్చండి, రెండింటి వయసూ ఒకటే. సీల్ ముఖం మీద మూడు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 31-43-10.3 అంటే లోపలి వ్యాసం, బయటి వ్యాసం, ఎత్తు, మిల్లీమీటర్లలో. బండి పేరు చెప్పి తెచ్చిన సీల్‌ను పాతదాని అంకెలతో పోల్చుకోండి. ఒకే పేరుతో వచ్చిన బండిలో సంవత్సరాన్ని బట్టి ఫోర్క్ మారిన సందర్భాలున్నాయి.

ఆయిల్ గ్రేడు, ఒక్కో కాలికి ఎంత అన్నది సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది. మన చిన్న బళ్లకు ఎక్కువగా 10డబ్ల్యూ వాడతారు. ఫోర్క్ ఆయిల్ దొరక్కపోతే కార్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఏటీఎఫ్ చిక్కదనంలో దానికి దగ్గరగా ఉంటుంది, ధైర్యంగా వాడొచ్చు. ఇంజిన్ ఆయిల్ పోయడం మన షెడ్లలో పాత అలవాటే. 20డబ్ల్యూ-40 అలా పోస్తే ఫోర్క్ మొద్దుబారి గతుకులన్నీ చేతులకు తెలుస్తాయి.

పనిముట్లు: పానాలు, సాకెట్లు, అలెన్ కీలు (అడుగు బోల్టుకు చాలా బళ్లలో 6 మి.మీ.), రెండు స్క్రూడ్రైవర్లు, సుత్తి, స్టీలు స్కేలు, మందుల షాపులో దొరికే 50 మి.లీ. సిరంజి, ఒక అడుగు పీవీసీ పైపు ముక్క, కిరసనాయిలు, పాత గుడ్డలు.

విప్పే క్రమం

ఇక్కడ వరస తప్పితే సగం దూరంలో ఇరుక్కుపోతారు. అందుకే అంకెలు వేసి చెప్పాల్సి వస్తోంది.

1. మెయిన్ స్టాండ్ వేసి, ఇంజిన్ కింద చెక్క దిమ్మ పెట్టి, ముందు చక్రం గాల్లోకి లేచేలా చూడండి. బండి ఊగకూడదు.

2. స్పీడోమీటర్ కేబుల్, చక్రం, డిస్క్ ఉంటే కాలిపర్ తీయండి. కాలిపర్‌ను హోస్ మీద వేలాడనీయకుండా తీగతో కట్టండి. ప్యాడ్ల మధ్య పలచటి చెక్క ముక్క పెట్టండి. అది లేకుండా ఎవరైనా లివర్ నొక్కితే పిస్టన్ బయటికొస్తుంది.

3. మడ్‌గార్డ్ ఇంకా తీయకండి. అది బాటమ్‌లు తిరిగిపోకుండా పట్టుకుంటుంది. ఇప్పుడే అడుగున ఉన్న అలెన్ బోల్టును పావు చుట్టు వదులు చేయండి. కింద పళ్లెం పెట్టుకోండి, కాస్త కారుతుంది. లోపలి స్ప్రింగు డ్యాంపర్ రాడ్‌ను నొక్కిపట్టి ఉంచుతుంది కాబట్టి ఈ దశలోనే బోల్టు సులువుగా కదులుతుంది. స్ప్రింగు తీసేశాక ప్రయత్నిస్తే రాడ్ కూడా బోల్టుతోపాటు తిరుగుతూనే ఉంటుంది. అలెన్ తలలో మట్టి ఉంటే ముందు సూదితో గీకి, కీని సుత్తితో తట్టి పూర్తిగా దిగేలా చేయండి. సగం దిగిన కీ తలను గుండ్రం చేసేస్తుంది.

4. పైపు పైకొస టీ కంటే ఎంత ఎత్తులో ఉందో కొలిచి రాసుకోండి.

5. పై టీలో పైపును పట్టే బోల్టు ఉంటే దాన్ని వదులు చేసి, కింది టీ బిగించి ఉండగానే ఫోర్క్ పై మూతను కొంచెం కదపండి. పైపు చేతిలోకొచ్చాక మూత తిప్పాలంటే పట్టు దొరకదు.

6. మడ్‌గార్డ్ తీసి, కింది టీ బోల్టు వదులు చేసి, పైపును తిప్పుతూ కిందికి లాగండి.

7. ఫోర్క్‌ను నిటారుగా పట్టుకుని, మూతను అరచేత్తో నొక్కిపట్టి విప్పండి. లోపల స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది, చివరి మరకు మూత ఎగిరి మొహానికి తగలగలదు. కొన్ని బళ్లలో మరల మూత బదులు తీగ క్లిప్పుతో ఆగే బిళ్ల ఉంటుంది. దాన్ని కిందికి నొక్కి క్లిప్పు తీయాలి, ఇంకొకరి చెయ్యి కావాలి.

8. స్ప్రింగు తీసేటప్పుడు ఏ కొస పైకుందో గుర్తుపెట్టుకోండి. చుట్లు ఒకవైపు దగ్గరగా, ఒకవైపు ఎడంగా ఉంటాయి. ఆయిల్ పాత సీసాలోకి వంచి, పైపును ఆడిస్తూ మిగిలింది కూడా దింపండి.

9. డస్ట్ సీల్ లేపి తీయండి. దానికింద ఉన్న తీగ క్లిప్పును సన్న స్క్రూడ్రైవర్‌తో గాడిలోంచి పీకండి. తుప్పుతో అతుక్కుంటే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పది నిమిషాలు ఆగండి.

10. అడుగు బోల్టు పూర్తిగా తీసి పైపును బయటికి లాగండి. డ్యాంపర్ రాడ్ అడుగున చిన్న అల్యూమినియం ముక్క ఉంటే పారేసుకోవద్దు, దాన్ని మళ్లీ అక్కడే వేయాలి.

మూడో మెట్టులో బోల్టు కదలకపోతే? గట్టి చెక్క కర్ర కొసను నాలుగు పలకలుగా చెక్కి, స్ప్రింగు తీశాక పైపులోంచి దించి డ్యాంపర్ రాడ్ తలలోకి సుత్తితో దిగ్గొట్టండి. ఒకరు కర్ర పట్టుకుంటే ఇంకొకరు బోల్టు తిప్పొచ్చు. అదీ కుదరకపోతే లారీ టైర్లు విప్పే పంక్చర్ షాపులో గాలి గన్ను ఉంటుంది. ఫోర్క్‌ను అక్కడికి పట్టుకెళ్తే క్షణాల్లో ఊడుతుంది.

సీల్ పీకడం, లోపలిది చూడటం

చిన్న బళ్లలో పైపు బయటికొచ్చినా సీల్ బాటమ్‌లోనే ఉండిపోతుంది. బాటమ్ అంచు మీద మడిచిన గుడ్డ గానీ చెక్కముక్క గానీ వేసి, దాని మీద టైర్ లివర్ ఆనించి సీల్‌ను కిందినుంచి లేపండి. ఒకేచోట బలం పెట్టకుండా చుట్టూ మారుస్తూ లేపాలి. రాకపోతే బాటమ్ పైభాగం మీద మరిగే నీళ్లు పోయండి. అల్యూమినియం వ్యాకోచించి సీల్ వదులవుతుంది. సీల్ కూర్చునే గోడకు స్క్రూడ్రైవర్ గీత పడనివ్వొద్దు, కొత్త సీల్ ఆ గీత పక్కనుంచే కారుతుంది. పైపుకు విడిగా బుష్‌లు (పైపుకీ బాటమ్‌కీ మధ్య జారే రింగులు) ఉన్న పెద్ద ఫోర్కుల్లో పద్ధతి వేరు: పైపును కొన్నిసార్లు జోరుగా పైకి లాగితే బుష్ తగిలి సీల్ దానంతటదే బయటికొస్తుంది.

బాటమ్ అడుగున బూడిదరంగు బురద ఉంటుంది. కిరసనాయిలుతో రెండు మూడుసార్లు కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. పైపును కిటికీ అద్దం మీదో, చదునైన గ్రానైట్ మీదో దొర్లించండి. కింద వెలుతురు సందు పెరుగుతూ తగ్గుతూ కనిపిస్తే పైపు వంగింది. కొంచెం వంగితే ఫోర్క్ ప్రెస్ ఉన్న షాపులో సరిచేస్తారు. మడతపడితే మార్చాల్సిందే.

కొత్త సీల్ దించడం

ముందు పైపు, డ్యాంపర్ రాడ్ బాటమ్‌లో పెట్టి అడుగు బోల్టు బిగించాలి. కొత్త రాగి వాషర్ దొరకలేదా, పాతదాన్ని స్టవ్ మంట మీద ఎర్రబడేలా కాల్చి చల్లారనివ్వండి, మెత్తబడి మళ్లీ పనిచేస్తుంది. బోల్టు మరలకు మధ్యరకం థ్రెడ్ లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క. ఈ 8 మి.మీ. బోల్టుకు సాధారణంగా 20 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది. రాడ్ తిరిగితే స్ప్రింగును తాత్కాలికంగా లోపల వేసి, మూత పెట్టి, ఫోర్క్‌ను నేలకు నొక్కి బిగించండి.

పైపు పైకొస అంచులు పదునుగా ఉంటాయి. పలచటి ప్లాస్టిక్ కవరు (పాలప్యాకెట్ బాగా పనికొస్తుంది) తొడిగి, దానిమీద ఫోర్క్ ఆయిల్ రాసి, సీల్‌ను దాని మీదుగా జార్చండి. ఈ చిన్న జాగ్రత్త లేకే ఎన్నో కొత్త సీళ్లు మొదటి రోజే కారతాయి. సీల్ లోపల సన్న స్ప్రింగు చుట్టు కనిపించే ముఖం కిందికి, ఆయిల్ వైపు ఉండాలి. అంకెలున్న ముఖం పైకి.

దిగ్గొట్టడానికి పీవీసీ పైపు. దాని లోపలి వ్యాసం ఫోర్క్ పైపు కంటే ఎక్కువ, బయటి వ్యాసం సీల్ కంటే తక్కువ ఉండాలి. 31 మి.మీ. ఫోర్క్, 43 మి.మీ. సీల్ అయితే బోరు పైపుల షాపులో ఇంచింపావు అనే 40 మి.మీ. ముక్క సరిపోతుంది. ఇంటి ప్లంబింగ్‌కు వాడే కొన్ని రకాల్లో అదే పేరుతో 42 మి.మీ. ఉంటుంది, కొలిచి తీసుకోండి. ముక్క కొసను నున్నగా, సమంగా కోయించి పొట్టు దులపండి. కొత్త సీల్ మీద పాత సీల్‌ను పెట్టి (తర్వాత తేలిగ్గా తీయడానికి దాన్ని ఒకచోట కోసి ఉంచండి), దాని మీద పీవీసీ ఆనించి సుత్తితో సమంగా తట్టండి. ఒక పక్క దిగి ఇంకోపక్క లేస్తే ఆపి సరిచేయండి. పూర్తిగా కూర్చున్నప్పుడు దెబ్బ చప్పుడు మారుతుంది, క్లిప్పు గాడి చుట్టూ మొత్తం కనిపిస్తుంది. గాడి ఒక పక్కే కనిపిస్తే సీల్ ఇంకా దిగాలి. క్లిప్పు వేసి, అది గాడిలో తిరుగుతోందో లేదో చూసి, డస్ట్ సీల్ నొక్కండి.

ఆయిల్ కొలత

కొత్త సీల్ ఎగిరిపోవడానికి పెద్ద కారణం ఇదే. ఫోర్క్‌లో ఆయిల్ పైన మిగిలే గాలి కూడా స్ప్రింగులా పనిచేస్తుంది. ఆయిల్ ఎక్కువైతే గాలికి చోటు తగ్గి, పెద్ద గుంతలో పడ్డప్పుడు ఒత్తిడి అమాంతం పెరిగి సీల్ మీద పడుతుంది. లోపల 25 మి.మీ. వ్యాసం ఉన్న పైపులో 10 మి.లీ. ఎక్కువ పోస్తే మట్టం 2 సెం.మీ. లేస్తుంది. టీ గ్లాసుతో అందాజుగా పోసే పద్ధతి ఎందుకు చెడ్డదో ఇందులోనే ఉంది. పాత ఆయిల్ ఎంత వచ్చిందో అంతే పోద్దామనుకోవడమూ తప్పే, కారిపోయింది లెక్కలోకి రాదు.

మాన్యువల్ చెప్పిన కొలత సిరంజితో రెండు కాళ్లకూ సమానంగా పోయండి. పూర్తిగా కడిగి ఆరబెట్టిన ఫోర్క్‌కు, కేవలం ఆయిల్ మార్చినప్పటికంటే కొంచెం ఎక్కువ పడుతుంది. మాన్యువల్‌లో రెండు అంకెలుంటే చూసుకోండి. స్ప్రింగు లేకుండా పైపును నెమ్మదిగా పది సార్లు పైకీ కిందికీ ఆడించండి. మొదట గాలిబుడగల చప్పుడు, తర్వాత సమంగా బరువు తెలుస్తుంది. పైపును పూర్తిగా కిందికి దించి, నిటారుగా పది నిమిషాలు ఉంచి, పైకొస నుంచి ఆయిల్ మట్టం దాకా స్కేలుతో కొలవండి. రెండు కాళ్ల మధ్య తేడా 2 మి.మీ. మించకూడదు. తర్వాత స్ప్రింగు, మూత.

తిరిగి బిగింపు

ముందు రాసుకున్న ఎత్తుకు పైపు పెట్టి, కింది టీ బోల్టు బిగించి, మూత పూర్తిగా బిగించి, ఆపైన పై టీ బోల్టు. మడ్‌గార్డ్, చక్రం, కేబుల్, కాలిపర్ వేయండి. యాక్సిల్ నట్టును మాత్రం ఇప్పుడే లాగి బిగించకండి. చేత్తో ఆనించి వదిలి, బండిని స్టాండు దించి, ముందు బ్రేకు పట్టి ఫోర్క్‌ను ఐదారుసార్లు నొక్కండి. కాళ్లు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా సర్దుకుంటాయి. అప్పుడు యాక్సిల్ బిగించండి, ఒకవైపు బాటమ్‌లో యాక్సిల్‌ను నొక్కిపట్టే పించ్ బోల్టు ఉంటే చివర్లో అది. ఈ సర్దుబాటు వదిలేస్తే పైపు బాటమ్‌లో పక్కకు ఒరుసుకుంటూ సీల్‌ను ఒకవైపే తినేస్తుంది.

డిస్క్‌ను బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. ఆయిల్ పీల్చిన ప్యాడ్లను కాల్చి, రుద్ది వాడే చిట్కాలు నమ్మొద్దు, మార్చేయండి. డ్రమ్ బ్రేకు అయితే లోపలికి చేరిందేమో షూలు చూడండి. రోడ్డెక్కే ముందు బ్రేక్ లివర్ గట్టిపడేదాకా నొక్కాలి. ప్యాడ్లు వెనక్కి జరిగి ఉంటాయి, మొదటి నొక్కుకు బ్రేకు ఉండదు.

మళ్లీ కారితే

మొదటి రోజు కనిపించే సన్న తడి, బిగించేటప్పుడు రాసిన ఆయిల్ కావొచ్చు. తుడిచి చూడండి. మర్నాడూ వస్తే ముందు ఎక్స్‌రే ఫిల్మ్ తిప్పండి, పని చేస్తుండగా దుమ్ము పడి ఉండొచ్చు. పైపు చుట్టూ అంతటా కాకుండా ఒకేచోట గీతలా కారితే పెదవి మడతపడిందో, ఆ వరసలోనే పైపు మీద గీత ఉందో. పెద్ద గుంతలో పడ్డాకే కారితే ఆయిల్ ఎక్కువైంది. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపినప్పుడు పైపుకీ బాటమ్‌కీ మధ్య టక్కుమని ఆట తెలిస్తే బాటమ్ లోపలి గోడ అరిగింది, బుష్‌లు ఉన్న ఫోర్క్ అయితే బుష్‌లు. అలాంటి ఫోర్క్‌లో ఏ సీలూ నిలబడదు. సీల్‌ను ఉబ్బించే మందులు ఆయిల్‌లో కలిపితే కొన్నాళ్లు ఆగినట్టుంటుంది, తర్వాత ఆ రబ్బరు మెత్తబడి ఇంకా ఎక్కువ కారుతుంది.

తీసిన పాత ఆయిల్‌ను కాలవలో పోయకుండా సీసాలో పట్టి, పాత ఇంజిన్ ఆయిల్ కొనేవాళ్లకు అందించే షెడ్డులో ఇచ్చేయండి.